పనిముట్ల పట్టీ పూర్వాపరాలు

కంప్యూటరు చరిత్ర వ్రాసేవారు యంత్రాలను గూర్చి వ్రాస్తారు, వాటిని నిర్మించిన సంస్థలను గూర్చి వ్రాస్తారు, ప్రోగ్రామింగు భాషల వంశవృక్షాలు గీస్తారు. విండో పైభాగాన, మెనూకు దిగువన, ఒద్దికగా వరుసదీరి కూర్చున్న చిన్నచిన్న బొమ్మల పట్టీకి మాత్రం ఆ గ్రంథాలలో రెండు వాక్యాలకు మించి చోటు దొరకదు. చాలా ఏళ్ళు వృత్తిరీత్యా అటువంటి పట్టీలను కూర్చినవాణ్ణి కనుక దాని కథను ఈ టపాలో చెప్పబూనుకున్నాను. బొమ్మల సోయగం నా విషయం కాదు. ఆ బొమ్మల వెనుక ప్రోగ్రామరు వాడుకునే టూల్‌బార్ కాంపొనెంటు ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, ఏమి మిగిల్చింది అన్నదే నా విషయం. ప్రోగ్రామింగుతో పరిచయం లేని మిత్రులు కూడా ఓపికపట్టి చదవగలరని నా నమ్మకం.

పెట్టె వేరు, పట్టీ వేరు

మొదట ఒక భేదాన్ని గుర్తించాలి. 1984 జనవరిలో మెకింటాష్‌తోపాటు వచ్చిన మాక్‌పెయింట్‌ను చూచినవారికి ఎడమప్రక్కన కుంచె, పెన్సిలు, రబ్బరు బొమ్మలున్న పెట్టె జ్ఞప్తికి వస్తుంది. బిల్ అట్కిన్సన్ రచించిన ఆ ప్రోగ్రాములో బొమ్మను నొక్కినంత మాత్రాన పని జరగదు, చేతిలోని పనిముట్టు మారుతుంది, అంతే. ఆ తరువాత మౌసు చేసే ప్రతి కదలికకూ అర్థం ఆ పనిముట్టును బట్టి ఏర్పడుతుంది. టూల్‌బార్ స్వభావం అది కాదు. అక్కడ బొమ్మను నొక్కిన తక్షణమే ఆజ్ఞ అమలవుతుంది: ఫైలు భద్రమవుతుంది, అక్షరం బొద్దవుతుంది, కాగితం ముద్రణకు వెళుతుంది. మొదటిది వడ్రంగి సంచి వంటిది, రెండవది పిలుపుగంటల వరుస వంటిది. రెండింటినీ పనిముట్లనే పిలవడం వల్ల ఈ భేదం మరుగున పడింది.

1989లో వెలువడిన విండోస్ వర్డ్ తొలి కూర్పులో అక్షరాల తీరుతెన్నులు మార్చే ఒక పట్టీ ఉండేది. దానిని రిబ్బన్ అన్నారు. ఆ పేరు పద్ధెనిమిదేళ్ళ తరువాత మరొక రూపంలో తిరిగి వస్తుందని అప్పుడెవరూ ఊహించి ఉండరు. 1990లో వచ్చిన ఎక్సెల్ 3 టూల్‌బార్‌కు ప్రాచుర్యం తెచ్చింది. నిలువు వరుసలోని అంకెలన్నింటినీ కూడే సిగ్మా గుర్తు బటన్ ఆ పట్టీలోనిదే. ఆ ఒక్క బటన్‌ను చూచి లెక్కలపట్టీలను అభిమానించినవారు ఎందరో!

చేతిపని కాలం

విండోస్ 3 నాటి ఆపరేటింగ్ సిస్టమ్ ప్రోగ్రామరులకు బటన్, జాబితాపెట్టె, స్క్రోల్‌బార్ వంటివి సిద్ధంగా ఇచ్చేది. టూల్‌బార్ మాత్రం ఇవ్వలేదు. కావలసినవారు తమంతట తాము తయారుచేసుకోవలసిందే. ఇరవై బటన్లను ప్రక్కప్రక్కన పేర్చితే సరిపోదా అనిపించవచ్చు. సరిపోదు. ఆ వ్యవస్థలో ప్రతి బటనూ ఒక విండో. విండోల వివరాలను దాచుకునే నిలువ 64 కిలోబైట్లు మాత్రమే, అదీ నడుస్తున్న ప్రోగ్రాములన్నింటికీ ఉమ్మడిది. ఒక ప్రోగ్రాము బటన్లకోసం చేతికి ఎముక లేకుండా ఖర్చుపెడితే ప్రక్కనున్న మరొక ప్రోగ్రాము తెరుచుకోక మొరాయించేది.

అందువల్ల తెలిసిన ప్రోగ్రామరులు పట్టీ మొత్తాన్ని ఒకే విండోగా చేసి, అందులో బటన్లను బొమ్మలుగా గీసేవారు. అంటే అవి బటన్లు కావు, బటన్ల భ్రాంతి. పై అంచునా ఎడమ అంచునా తెల్లని గీత, క్రింది అంచునా కుడి అంచునా ముదురు గీత గీస్తే బటన్ ఉబ్బెత్తుగా కనబడుతుంది. ఆ గీతలను తారుమారు చేస్తే నొక్కుకుపోయినట్లు కనబడుతుంది. నొక్కిపెట్టిన మౌసును బటన్ వెలుపలికి లాగి వదలితే ఆజ్ఞ రద్దు కావాలి. మళ్ళీ లోపలికి తెస్తే బటన్ మళ్ళీ నొక్కుకోవాలి. అన్నిటికంటె ముఖ్యమైన నియమం ఒకటుంది. టూల్‌బార్‌ను నొక్కినప్పుడు కీబోర్డు ధ్యాస పత్రాన్ని వదలి పట్టీ మీదికి పోరాదు. పత్రంలో వాక్యాన్ని ఎంచుకొని, దాన్ని బొద్దు చేయబోయేసరికి ధ్యాస ఆ పత్రం నుండి తొలగిపోతే ఇక ఆ పట్టీ ఎందుకు?

1993లో వచ్చిన విజువల్ సీ ప్లస్ ప్లస్ తొలి కూర్పులోని ఎంఎఫ్‌సీ 2 ఈ శ్రమను సీటూల్‌బార్ అనే క్లాసులో పొందుపరచింది. బొమ్మలన్నీ తోరణంలాగా ఒకే బిట్‌మ్యాపులో వరుసగా ఉండేవి. ఒక్కొక్క బొమ్మ 16 చుక్కల వెడల్పు, 15 చుక్కల ఎత్తు. ఆ బొమ్మను మోసే బటన్ 24 చుక్కల వెడల్పు, 22 చుక్కల ఎత్తు. 240 చుక్కల ఆ గళ్ళలో ఒక ముద్రణయంత్రాన్నో, కత్తెరనో స్ఫురింపజేయడం చిన్న విద్య కాదు. విజువల్ బేసిక్ 3 వాడేవారు పిక్చర్‌బాక్సులో బొమ్మలను పేర్చి, నొక్కినప్పుడొకటి, వదలినప్పుడొకటి మార్చి పని గడుపుకునేవారు. 1995లో బోర్లాండ్ వారి డెల్ఫీ స్పీడ్‌బటన్ అనే అందమైన ఉపాయం తెచ్చింది. దానికి సొంత విండో లేదు కనుక వనరుల ఖర్చు స్వల్పం. అదే కారణాన అది ధ్యాసను లాక్కోలేదు. మామూలు స్థితికి, పనిచేయని స్థితికి, నొక్కిన స్థితికి, నొక్కి నిలిపిన స్థితికి నాలుగు బొమ్మలను ఒకే బిట్‌మ్యాపులో ఇవ్వవచ్చు.

ఉమ్మడి ఆస్తి

1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చేసరికి టూల్‌బార్ ఆపరేటింగ్ సిస్టమ్ సొత్తయింది. కామ్‌సీటీఎల్32 అనే డీఎల్ఎల్‌లో ఇతర ఉమ్మడి కంట్రోళ్ళతోపాటు దానికీ స్థానం దొరికింది. ప్రోగ్రామరు చేయవలసిందల్లా ఒక్కొక్క బటన్‌కూ ఒక చిన్న పట్టిక నింపడం: ఎన్నవ బొమ్మ, ఏ ఆజ్ఞాసంఖ్య, ఏ స్థితి, ఏ శైలి. బటన్లను చేర్చడానికి ముందు ఆ పట్టిక ఎన్ని బైట్లో కంట్రోలుకు చెప్పాలన్న వింత నియమం కూడా ఉండేది. క్రొత్తగా నేర్చుకునేవారికి అది అర్థంలేని ఆచారంలాగా తోచేది. కానీ దానికొక కారణముంది. ముందుముందు ఆ పట్టికకు క్రొత్త గళ్ళు చేరవచ్చు. పరిమాణాన్ని బట్టి, ఈ ప్రోగ్రాము ఏ కాలం నాటిదో డీఎల్ఎల్ గుర్తుపట్టగలుగుతుంది.

ఆ ముందుచూపుకు పరీక్ష త్వరలోనే ఎదురయింది. 1996లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 3తోపాటు అంచులు లేని చదును బటన్లూ, పట్టీలను జరుపుకోగల కూల్‌బార్‌లూ వచ్చాయి. ఆ సోకు ప్రతివారికీ కావలసివచ్చింది. అయితే అవి క్రొత్త డీఎల్ఎల్‌లోనే ఉన్నాయి, ఆ డీఎల్ఎల్ బ్రౌజరుతో వచ్చింది. ఒక చిన్న లెక్కల ప్రోగ్రాముకు చదును బటన్లు పెట్టాలంటే కొనుగోలుదారు తన యంత్రంలో క్రొత్త బ్రౌజరును పెట్టుకొని ఉండాలన్నమాట! ఉమ్మడి ఆస్తిలో ఉండే సుఖమూ, చిక్కూ రెండూ అప్పుడు తెలిసివచ్చాయి.

బటన్ కాదు, ఆజ్ఞ

ఇంతవరకు చెప్పినది పైపై కథ. అసలు చరిత్ర వేరొక ప్రశ్న చుట్టూ నడిచింది. ఎంచుకున్న వాక్యం లేనప్పుడు కత్తెర బటన్ వెలవెలబోవాలి. మెనూలోని కత్తిరింపు ఆజ్ఞ కూడా వెలవెలబోవాలి. కీబోర్డు సంక్షిప్తం నోరు మూసుకోవాలి. ఒకే ఆజ్ఞకు మూడు ముఖాలు. ఆ మూడింటినీ ఎవరు సమన్వయపరచాలి? చేతిపని కాలంలో ప్రోగ్రామంతటా మెనూను ఆపు, బటన్‌ను ఆపు అనే జంటవాక్యాలు చెల్లాచెదరుగా ఉండేవి. జంటలో ఒకటి మరచినచోట మెనూ ఒకమాట, టూల్‌బార్ మరొకమాట చెప్పేవి.

ఎంఎఫ్‌సీ ఎన్నుకున్న మార్గం అడిగి తెలుసుకోవడం. ప్రోగ్రాము ఖాళీగా ఉన్న ప్రతిసారీ పట్టీలోని ఒక్కొక్క బటన్ తరఫునా "ఈ ఆజ్ఞ ఇప్పుడు చెల్లుతుందా?" అని విచారణ సాగుతుంది. జవాబిచ్చే ఫంక్షన్ ఒక్కటే కనుక మెనూకూ బటన్‌కూ పొరపొచ్చాలు రావు. రెండవ మార్గం చెప్పి పంపడం. 1998లో డెల్ఫీ 4లోని యాక్షన్ జాబితా, అదే ఏడాది జావా స్వింగ్‌లోని యాక్షన్ ఈ దారి పట్టాయి. ఇక్కడ ఆజ్ఞే ఒక వస్తువు. పేరు, బొమ్మ, సంక్షిప్తం, స్థితి అన్నీ దానికే చెందుతాయి. మెనూ అంశమూ టూల్‌బార్ బటనూ దానికి అద్దాలు మాత్రమే. ఆజ్ఞ స్థితి మారితే అద్దాలన్నింటిలో ప్రతిబింబం మారుతుంది. క్యూటీలో క్యూయాక్షన్ కూడా ఈ కోవలోదే. 2005లో వచ్చిన క్యూటీ 4లో మెనూలనూ టూల్‌బార్‌లనూ నిర్మించడానికి అదే ఆధారమయింది.

టూల్‌బార్ చరిత్రలో నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచే ఘట్టం ఇదే. బటన్ అన్న రూపం నుండి ఆజ్ఞ అన్న భావం విడివడింది. రూపం నశించినా భావం నిలుస్తుందని తరువాతి కాలం నిరూపించింది.

చూపులేనివారి మాట

పొదుపుకోసం చేసిన ఉపాయాలు మరొకరికి ఎంత భారమయ్యాయో కూడా చెప్పుకోవాలి. పట్టీ మొత్తం ఒకే విండో అయినప్పుడు, తెరమీది సంగతులను చదివి వినిపించే ప్రోగ్రాముకు అందులో ఇరవై బటన్లున్నాయన్న సంగతే తెలియదు. దానికి కనిపించేది పేరులేని ఒక దీర్ఘచతురస్రం. ధ్యాసను లాక్కోరాదన్న నియమం వల్ల కీబోర్డుతో అక్కడికి చేరడమూ దుర్లభమే. కంటిచూపు ఉన్నవారికి దగ్గరదారి అయినది లేనివారికి గోడ అయింది. 1997లో యాక్టివ్ యాక్సెసిబిలిటీ వచ్చిన తరువాతనే పట్టీలోని ఒక్కొక్క భాగం పేరునూ స్థితినీ వెలుపలి ప్రోగ్రాములకు చెప్పే పద్ధతి ఏర్పడింది. అప్పుడు కూడా ప్రోగ్రామరు బటన్‌కు పేరు పెట్టి ఉంటేనే ఫలితం. మౌసు నిలిపితే కనబడే చిన్న సూచనకోసం అశ్రద్ధగా వ్రాసిన రెండు మాటలు, మరొకరికి ఆ ప్రోగ్రాముకున్న ఏకైక గొంతుక కావచ్చు.

అతివృష్టి

ఆజ్ఞను పట్టీలో చేర్చడం ఇంత సులభమయ్యాక ఎవరు ఆగుతారు? వర్డ్ 97లో 18 టూల్‌బార్‌లు ఉండేవి. వర్డ్ 2003 నాటికి అవి 31 అయ్యాయి. మధ్యలో ఆఫీస్ 2000 అరుదుగా వాడే మెనూ ఆజ్ఞలనూ పట్టీల బటన్లనూ తనంతట తానే దాచివేయడం మొదలుపెట్టింది. బటన్ నిన్న ఉన్నచోట నేడు లేకపోవడం ఎంత ఇబ్బందో నేను ప్రత్యక్షంగా చూచాను. నాకు పరిచయమున్న ఒక డీటీపీ సెంటరులో ఆంగ్లం చదవడం అంతగా రాని ఒక అమ్మాయి పుస్తకాలకు పుస్తకాలే తెలుగులో కూర్చేది. ఆమె మెనూలను చదవదు. ఎడమనుండి నాలుగవది, కుడినుండి రెండవది అన్న లెక్కతో కన్ను మూసి తెరిచేలోగా పని ముగించేది. క్రొత్త కూర్పు పెట్టినరోజున ఆమె చేయి గాలిలోనే ఆగిపోయింది. బొమ్మను గుర్తించడంకంటె చోటును గుర్తుంచుకోవడం చేతికి తేలిక. కాంపొనెంటు రచయితలు బటన్లను జరుపుకునే స్వేచ్ఛను ఎంత వైభవంగా ఇచ్చారో, చోటు పదిలంగా ఉంచవలసిన బాధ్యతను అంతగా తలచలేదు.

ఆ అతివృష్టికి జవాబుగా ఆఫీస్ 2007లో రిబ్బన్ వచ్చింది. మెనూనూ టూల్‌బార్‌నూ ఒక్కటిగా కలిపి, బొమ్మల ప్రక్కన పేర్లను వ్రాసింది. ఆ పిమ్మట పాత కాంపొనెంట్లు ఒక్కొక్కటే సెలవు తీసుకున్నాయి. డాట్‌నెట్ విండోస్ ఫార్మ్స్‌లోని టూల్‌బార్‌కు బదులుగా 2005లో టూల్‌స్ట్రిప్ వచ్చింది. 2019లో డాట్‌నెట్ కోర్ 3.1 పాతదానిని తొలగించింది. 2020 డిసెంబరులో వెలువడిన జీటీకే 4లో జీటీకే టూల్‌బార్ అన్న కాంపొనెంటే లేదు. మామూలు పెట్టెలో మామూలు బటన్లు పేర్చుకొమ్మన్నారు. ముప్పై ఏళ్ళు తిరిగి కథ మొదటికే వచ్చిందనిపిస్తుంది కాని, ఒక తేడా ఉంది. ఇప్పుడా బటన్ల వెనుక ఆజ్ఞ అనే వస్తువు ఉంది.

మన అక్షరాలు, ఆ గళ్ళు

చివరిగా మన సంగతి. బొద్దు, వాలు, క్రిందిగీత బటన్లపై ఆంగ్లంలో బీ, ఐ, యూ అక్షరాలుంటాయి. జర్మనులు తమ మాటలనుబట్టి ఎఫ్, కే, యూ అని మార్చుకున్నారు. ఫ్రెంచివారు జీ, ఐ, ఎస్ అన్నారు. తెలుగులో బొ, వా, క్రి అని పెట్టుకోవచ్చు. కానీ "క్రి"ని 15 చుక్కల ఎత్తులో పట్టించి చూడండి! పైన గుడి, క్రింద వత్తు, నడుమ అక్షరం నలిగి చుక్కగా మిగులుతుంది. బటన్ ఎత్తును ముందే అంకెల్లో బిగించిన ప్రోగ్రాములలో తెలుగు పేర్ల వత్తులు తెగిపోవడం స్థానికీకరణ చేసినవారికి అనుభవమే. గళ్ళను కొలిచినవారి లిపిలో వత్తులు లేవు మరి. ఎత్తును అక్షరాల కొలతనుండి రాబట్టే నేటి పద్ధతిలో ఈ బాధ చాలావరకు తగ్గింది.

టూల్‌బార్‌కు పనిముట్ల పట్టీ అని, సాధనపట్టీ అని, ఉపకరణపట్టీ అని మనవారు పేర్లు పెట్టారు. నా ఓటు మొదటిదానికి. అయితే పట్టీ పేరుకంటె దానిలోని ఒక్కొక్క బటన్ పేరు ముఖ్యమని ఈ చరిత్ర నాకు నేర్పింది. తెలుగులో ప్రోగ్రాములు వ్రాసే మిత్రులకు నా మనవి ఒక్కటే. బొమ్మ పెట్టినచోటల్లా దాని పేరును కూడా తెలుగులో వ్రాయండి, ఆ పేరు నిడివికీ ఎత్తుకీ చోటు విడవండి. కత్తెరకు, అతికింపుకు, వెనుకకు మరలడానికి మీరు వాడే మాటలేవో వ్యాఖ్యలలో తెలియజేస్తే సంతోషిస్తాను.