తూకం చెప్పని పట్టిక

2001 ఫార్ములా వన్ శీతాకాలపు పరీక్షల్లో అలెన్ ప్రోస్ట్ జట్టు నీలి కారు అందరినీ ఆశ్చర్యపరిచింది. బార్సిలోనా ఊరి బయట మోంట్‌మెలో ట్రాక్ మీద జాన్ అలేసి ఆ కారును ల్యాప్ టైముల పట్టికలో పై వరుసకు చేర్చాడు. అంతకు ముందు సీజన్‌లో ఒక్క పాయింటు కూడా రాని జట్టది. తీరా రేసులు మొదలయ్యాక ఏడాది మొత్తానికి వచ్చినవి 4 పాయింట్లు. 2002 జనవరిలో జట్టు మూతపడింది. స్పాన్సర్ల కళ్లలో పడటానికి కారును బరువు తగ్గించి తిప్పారని అప్పట్లో చాలామంది అనుకున్నారు.

ఏజెన్సీ వార్తలతో వచ్చే ఆ పట్టికలను ఒక తెలుగు పత్రిక స్పోర్ట్స్ డెస్కులో కూర్చుని ఏళ్ల తరబడి దిద్దాను. డ్రైవర్ పేరు, జట్టు, టైము, ల్యాపుల సంఖ్య. అందులో టైము అబద్ధం కాదు, సెకనులో వెయ్యో వంతు దాకా నిజమే. లేనిదల్లా బరువు. మన ఊళ్లలో బండలాగుడు పోటీల్లో బండ బరువెంతో అందరికీ ముందే తెలుసు. ఏ జత ఎంత దూరం లాగిందో కొలిస్తే తీర్పు అయిపోతుంది. ఫిబ్రవరిలో మోంట్‌మెలో మీద ఏ కారు ఎంత బరువుతో తిరిగేదో ఆ జట్టు ఇంజనీర్లకు తప్ప ఎవరికీ తెలిసేది కాదు. రేసు వారాంతంలో లాగా కారును తూకం మీదికి ఎక్కించి నిబంధనలు చూసే తనిఖీ పరీక్షల్లో ఉండదు.

ఆ ట్రాక్ మీద 10 కిలోల ఇంధనం ల్యాపుకు దాదాపు 0.3 సెకన్లు తినేస్తుంది. టైరు మెత్తదా గట్టిదా, ఇంజిన్‌ను పూర్తి శక్తితో వాడారా, పొద్దుటి చలిలో తిరిగారా మధ్యాహ్నపు ఎండలోనా అన్నవి కూడా కలిస్తే పట్టికలో ఒకటో పేరుకీ పదో పేరుకీ మధ్య తేడా ఏమీ చెప్పదు.

ఒకటి మాత్రం దాచలేరు, దూరం. ఆగకుండా 20 ల్యాపులు తిరిగిన కారు 20 ల్యాపులకు సరిపడా ఇంధనంతో బయల్దేరి తీరాలి. 2010 నుంచి రేసు మధ్యలో ఇంధనం నింపడం నిషేధించాక ఈ లెక్క మరింత గట్టిపడింది. 2019 నిబంధన ప్రకారం రేసుకు 110 కిలోలు. మోంట్‌మెలోలో రేసంటే 66 ల్యాపులు. ల్యాపుకు కిలోన్నరకు పైనే. అంటే 20 ల్యాపుల పరుగు 30 కిలోల పైచిలుకుతో, దాదాపు ఒక సెకను భారంతో మొదలవుతుంది. అలాంటి పరుగులో టైములు ఎలా నిలిచాయి, టైర్లు అరిగేకొద్దీ ఎంత జారాయి అన్నదే నాకు కావలసిన సంగతి. డెస్కుకు వచ్చే వార్తలో అది చివరి పేరాలో ఉండేది, చాలాసార్లు ఉండేదే కాదు.

ఈ లెక్కకు అన్నిటికంటే గొప్ప పరీక్ష 2009 మార్చిలో వచ్చింది. 2008 డిసెంబరులో హోండా ఫార్ములా వన్ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఇంగ్లండ్‌లోని బ్రాక్లీ ఫ్యాక్టరీలో వందల మంది ఉద్యోగాలు గాల్లో వేలాడాయి. చివరికి రాస్ బ్రాన్ నాయకత్వంలోని యాజమాన్యమే ఒక్క పౌండు ధరకు జట్టును తీసుకుంది. హోండా ఇంజిన్ కోసం గీసిన కారులో మెర్సిడెస్ ఇంజిన్ ఇమిడ్చారు. మార్చి 6న సిల్వర్‌స్టోన్‌లో తొలిసారి కదిలింది. మూడు రోజుల తర్వాత మోంట్‌మెలో చేరింది. తెల్లటి ఒళ్లు, స్పాన్సర్ల పేర్లు లేవు. అయినా వారం తిరగకముందే జెన్సన్ బటన్, రూబెన్స్ బారికెల్లో పట్టిక పైన ఉన్నారు. మళ్లీ ప్రోస్ట్ కథేనన్న అనుమానం రావడం సహజం, డబ్బు అవసరం ఇక్కడా అంతే ఉంది.

కానీ ఈ వేగం ఒక్క ల్యాపుతో ఆగలేదు. ఇంధనం మోస్తూ చేసిన పొడవాటి పరుగుల్లోనూ ఆ కారు నిలకడగా ముందుంది. తేలిక కారుతో అలా చేయలేరు. కారణం కారు వెనక అడుగున ఉంది. ఆ ఏడాది కొత్త నిబంధనలు కారును నేలకు అదిమే గాలి బలాన్ని బాగా తగ్గించాయి. హోండా కాలంలోనే 2008 సీజన్‌ను దాదాపు వదులుకుని, ఈ కొత్త కారు మీద పనిచేశారు. కారు అడుగున గాలిని నడిపించి ఆ బలాన్ని తిరిగి రాబట్టే రెండంతస్తుల డిఫ్యూజర్ ఆ శ్రమ ఫలితం. టొయోటా, విలియమ్స్ కూడా ఆ దారి కనిపెట్టాయి. మిగతా జట్లలో కొన్ని ఫిర్యాదు చేస్తే ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు అది సక్రమమేనని తేల్చింది. అప్పటికే మెల్‌బోర్న్‌లో బటన్ మొదటి, బారికెల్లో రెండో స్థానం పట్టేశారు. మొదటి 7 రేసుల్లో 6 బటన్‌వే, టైటిల్ కూడా. బ్రాక్లీలో ఆ శీతాకాలం జీతం వస్తుందో రాదో తెలియకుండా పనిచేసినవాళ్లను తలచుకుంటే ఇప్పటికీ నా గుండె నిండుతుంది.

పెద్ద జట్ల సంగతి వేరు, వాళ్లకు పైన కనిపించాల్సిన అవసరం లేదు. 2019 పరీక్షల్లో వెటెల్ ఫెరారీ టైము 1:16.221, హామిల్టన్ మెర్సిడెస్ టైము 1:16.224. తేడా సెకనులో వెయ్యింట మూడు వంతులు, అయినా ఆ రెండు వారాలూ ఫెరారీయే ముందుందన్న మాట గట్టిగా సాగింది. మెల్‌బోర్న్‌లో మెర్సిడెస్ డ్రైవర్లు బొటాస్, హామిల్టన్ తొలి రెండు స్థానాల్లో ముగించారు. వెటెల్ గెలిచినవాడికి 57 సెకన్లు వెనక, నాలుగో స్థానంలో వచ్చాడు.

దాంతో మెర్సిడెస్ ఎప్పుడూ దాచిపెడుతుందన్న నమ్మకం పాతుకుపోయింది. 2022లో బహ్రెయిన్ పరీక్షలకు పక్కలు దాదాపు చెక్కేసిన కారుతో వాళ్లు వచ్చారు. నెమ్మదిగా ఉంటే నాటకమన్నారు. అయితే తిన్నటి దారి మీద ఆ కారు ఎగిరెగిరి పడుతోంది, డ్రైవర్ హెల్మెట్ పైకీ కిందికీ ఊగుతోంది. ఇంధనం తగ్గించి వేగం తెచ్చుకోవచ్చు, పెంచి దాచుకోవచ్చు. ఆ ఊపును దాచడానికి ఏ ట్యాంకూ పనికిరాదు. ఆ జట్టుకు సీజన్‌లో దక్కిన ఒకే ఒక్క విజయం నవంబరులో, బ్రెజిల్‌లో, జార్జ్ రసెల్‌ది.