ఏ పేజీలో పడింది?

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో 'ఈనాడు' మొదటి సంచిక అచ్చయింది. అప్పటిదాకా ఆ ఊరివాళ్లు తెలుగు దినపత్రిక చదవాలంటే విజయవాడ నుంచి కట్టలు రావాల్సిందే. అవి ఇళ్లకు చేరేసరికి పొద్దెక్కిపోయేది. కొత్త పత్రిక తెల్లవారకముందే గుమ్మంలో పడసాగింది. ఓడరేవు, నౌకల కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం ఉన్న ఊరది. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసి వెళ్లారు. షిఫ్టు డ్యూటీలతో సగం ఊరు చీకటితోనే లేచే చోట, పొద్దున్నే వచ్చే పత్రికకు గిరాకీ ఉంటుందని పత్రిక స్థాపకుడు రామోజీరావు వేసిన అంచనా తప్పలేదు.

టీ దుకాణంలో పత్రిక చదివేది ఎక్కువగా మగవాళ్లే. ఇంటికొచ్చే పత్రిక ఇంట్లో అందరి చేతుల్లోకీ వెళుతుంది. దాంతో ఆడవాళ్ల కోసం ఏం వేయాలి, ఎక్కడ వేయాలి అన్న ప్రశ్న సంపాదకుల ముందుకొస్తుంది. తెలుగు అచ్చులో ఆ ప్రశ్న వయసు 1974 నాటికే తొంభై ఏళ్లు దాటింది.

జర్నలిజం తరగతిలో పక్షపాతం అనగానే విద్యార్థుల చూపు పార్టీల మీదికి పోతుంది. ఏ పత్రిక ఎవరిని మోసింది, ఎవరి మీద కత్తి కట్టింది అని లెక్కలు తీస్తారు. తెలుగునాట అలాంటి ఉదాహరణలకు కొదవ లేదు. 1982లో తెలుగుదేశం పుట్టినప్పుడు, 1983 జనవరిలో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయినప్పుడు 'ఈనాడు' ఆ పార్టీ వైపే నిలబడిన సంగతి అందరికీ తెలిసిందే. స్త్రీల సంగతికొచ్చేసరికి ఆ లెక్క ఒక్కటీ చాలదు. వార్తలో ఏం రాశారో చూసినట్టే, దాన్ని ఏ పేజీలో వేశారో కూడా చూడాలి.

వీరేశలింగం 1883లో 'సతీహితబోధిని' తెచ్చారు. స్త్రీల కోసమే వచ్చిన ఆ పత్రికకు సంపాదకుడు పురుషుడు, పని హితబోధ. 1893లో వచ్చిన 'తెలుగు జనానా'దీ ఇంచుమించు అదే దారి. 1902లో ఏలూరులో సత్తిరాజు సీతారామయ్య 'హిందూసుందరి' మొదలుపెట్టి, సంపాదకత్వం మొసలికంటి రమాబాయమ్మ, వెంపల శాంతాబాయమ్మల చేతికిచ్చారు. భండారు అచ్చమాంబ కథ 'ధనత్రయోదశి' అచ్చయింది అందులోనే. రెండేళ్ల తర్వాత కాకినాడలో పులుగుర్త లక్ష్మీనరసమాంబ 'సావిత్రి' పత్రిక నడిపారు. ఆమె వితంతు వివాహాలను ఒప్పుకోలేదు, వీరేశలింగం సంస్కరణలను గట్టిగా విమర్శించారు. స్త్రీల పత్రిక అంటే అందరు స్త్రీలదీ ఒకే మాట అని అప్పటి పాఠకులెవరూ అనుకుని ఉండరు. ఆడవాళ్లు ఆడవాళ్లతోనే అచ్చులో వాదులాడుకున్నారు. హితబోధ వినే స్థానం నుంచి వాదించే స్థానానికి రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

పత్రిక వెనక డబ్బు ఎవరిదన్న ప్రశ్న కూడా అప్పటిదే. 1928లో మద్రాసులో 'గృహలక్ష్మి' స్థాపించిన డాక్టర్ కె.ఎన్. కేసరి ఆయుర్వేద వైద్యులు. స్త్రీల వ్యాధులకు ఆయన చేసి అమ్మిన 'లోధ్ర' మందు ఇంటింటా తెలిసిన పేరు. ఆ మందు కొనేవాళ్లూ ఈ పత్రిక చదివేవాళ్లూ ఒకే ఇళ్లవాళ్లు. అయినా దాన్ని ప్రకటనల పత్రిక అని కొట్టిపారేయలేం. కనుపర్తి వరలక్ష్మమ్మ 'శారద లేఖలు' వచ్చింది అందులోనే. స్నేహితురాలికి రాసే ఉత్తరాల రూపంలో ఆమె ఖద్దరు గురించి, బాల్యవివాహాల గురించి, స్త్రీల హక్కుల గురించి రాశారు. 1934లో గృహలక్ష్మి స్వర్ణకంకణం మొదట అందుకున్నదీ ఆమే. సొమ్ము యజమానిది, కలం రచయిత్రిది. ఆ రెంటి మధ్య ఎంత జాగా దొరికితే అంతలో ఆమె రాసుకొచ్చారు.

1930ల్లోనే విశాఖలోని వాల్తేరులో మరో సంగతి జరిగింది. దుర్గాబాయి ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లొచ్చి, బెనారసులో ఇంటర్మీడియట్ పూర్తిచేసి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరాలని వచ్చారు. అప్పటి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి సందేహించారు. అమ్మాయిలకు హాస్టల్ లేదు, చేర్చుకుంటే ఎక్కడ ఉంటారన్నది ఆయన అడ్డు. ఆమె పత్రికలో ఒక ప్రకటన వేయించారు. హాస్టల్ లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే తనను కలవమని కోరారు. పది మంది దాకా స్పందించారు. అందరూ కలిసి వసతి చూసుకున్నారు. ఇక కాదనడానికి విశ్వవిద్యాలయానికి సాకు మిగల్లేదు. రాజనీతిశాస్త్రంలో ఆనర్స్ చేసి ఆమె 1939లో పట్టా పుచ్చుకున్నారు.

ఆ అమ్మాయిల ఇబ్బంది వార్తగా రాలేదు. డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటనగా వచ్చింది. దుర్గాబాయి ఆ తర్వాత న్యాయవాది అయ్యారు, రాజ్యాంగ సభకు వెళ్లారు, మద్రాసులో తాను స్థాపించిన ఆంధ్ర మహిళా సభ తరఫున 'ఆంధ్ర మహిళ' పత్రిక నడిపారు. అదే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్త్రీల అధ్యయన కేంద్రానికి ఇప్పుడు ఉన్నది ఆమె పేరే.

స్వాతంత్ర్యం తర్వాత వారపత్రికల కాలం వచ్చింది. 'ఆంధ్రప్రభ' వారపత్రికలో మాలతీ చందూర్ 'ప్రమదావనం' నాలుగు దశాబ్దాలకు పైగా నడిచింది. ఆవకాయ పాళ్ల నుంచి అత్తింటి బాధల దాకా పాఠకులు ఏమడిగినా ఆమె జవాబిచ్చేవారు. 'ఆంధ్రజ్యోతి' వారపత్రికలో 'ఇల్లాలి ముచ్చట్లు' రాసిన 'పురాణం సీత' మాత్రం ఇల్లాలు కాదు, ఆ పత్రిక సంపాదకుడు పురాణం సుబ్రహ్మణ్యశర్మ. ఆ శీర్షిక చురుకుదనం మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. అయితే ఇల్లాలి గొంతుకు పత్రికలో అంత గిరాకీ ఉన్నప్పుడు ఆ జాగాలో ఒక ఇల్లాలిని ఎందుకు కూర్చోబెట్టలేదన్న ప్రశ్న ఈనాటి విద్యార్థికి తప్పక వస్తుంది.

బయటి ప్రపంచంలో కథ ఇంకోలా నడిచింది. 1963లో బెట్టీ ఫ్రీడన్ తాను రాస్తూ వచ్చిన అమెరికన్ స్త్రీల పత్రికలనే దుయ్యబట్టారు. ఆడమనిషి సుఖమంతా వంటింట్లోనే ఉందని అవి నమ్మిస్తున్నాయన్నారు. 1969లో 'వాషింగ్టన్ పోస్ట్' తన స్త్రీల పేజీలను ఎత్తేసి 'స్టైల్' విభాగం పెట్టింది. మిగతా పెద్ద పత్రికలూ అదే బాట పట్టాయి. తెలుగులో గాలి ఎదురు తిరిగింది. అక్కడ స్త్రీల పేజీలు పోయిన రెండు దశాబ్దాలకు, 1992లో, 'ఈనాడు' రోజూ వచ్చే 'వసుంధర' పేజీ మొదలుపెట్టింది. తర్వాత 'నవ్య', 'ఫ్యామిలీ' లాంటివి ఇతర పత్రికల్లోనూ వచ్చాయి.

1992 అన్న సంవత్సరాన్ని విడిగా చూడాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్లిన ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అక్షరాస్యత వాచకంలోని 'సీతమ్మ కథ' వాళ్లను కదిలించింది. ఉద్యమం ఊరూరా పాకింది. ఆ సారాను ప్యాకెట్లలో పల్లెలకు చేర్చిన 'వారుణి వాహిని' పథకం ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిందే. 1992లో ప్రభుత్వం కాంగ్రెస్‌ది. 'ఈనాడు' ఉద్యమానికి ప్రత్యేకంగా పేజీ కేటాయించి రోజూ వార్తలు వేసింది. సారాపై రాష్ట్రవ్యాప్త నిషేధం 1993 అక్టోబరు 1న వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు, 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని సడలించింది.

ఇక్కడ రెండు మాటలూ నిజమే. పత్రిక అంత జాగా ఇవ్వకపోతే ఒక ఊరి తగవు రాష్ట్ర ఉద్యమం అంత త్వరగా అయ్యేది కాదు. ఆ జాగా ఇవ్వడంలో పత్రికకు రాజకీయ ప్రయోజనమూ, కొత్త పాఠకురాళ్లూ కనబడి ఉండొచ్చు. కూలి పనులు చేసుకునే ఆడవాళ్లు మొదటి పేజీకి రావడానికి వాళ్ల పోరాటంతో పాటు యజమాని లెక్క కూడా కలిసొచ్చింది. ఆ లెక్క కుదరనిచోట ఏం జరుగుతుందన్నది అసలు పరిశీలించాల్సిన విషయం.

లెక్కపెట్టే పద్ధతి ఒకటి ఇప్పటికే ఉంది. గ్లోబల్ మీడియా మానిటరింగ్ ప్రాజెక్ట్ 1995 నుంచి ఐదేళ్లకోసారి, ఒకే రోజు, అనేక దేశాల వార్తలను పరిశీలిస్తోంది. వార్తల్లో కనిపించే, వినిపించే మనుషుల్లో స్త్రీలు 1995లో 17 శాతం. 2020లో 25 శాతం. పావు శతాబ్దంలో పెరిగింది ఎనిమిది పాయింట్లు. విశాఖలో ఏ విద్యార్థయినా ఒక వారం పత్రికలు ముందేసుకుని ఈ పని చేయొచ్చు. పేరుతో మాట్లాడిన స్త్రీలెందరు, ఫొటోలో మాత్రమే ఉన్నవాళ్లెందరు, వాళ్లలో మొదటి పేజీలో ఎందరు, ప్రత్యేక పేజీలో ఎందరు అన్న నాలుగు గళ్లు చాలు.

ఐదో గడి జిల్లా పేజీలది. 1989లో 'ఈనాడు' జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది. పల్లె విలేకరికి పని దొరికింది, చిన్న ఊళ్ల పేర్లు అచ్చులోకి వచ్చాయి. దాంతోపాటే ఒక జిల్లా వార్త పక్క జిల్లాకు తెలియకుండా పోయే వీలూ ఏర్పడింది. జిల్లా పేజీకే పరిమితమైన వార్త హైదరాబాదులో మంత్రి బల్ల మీదికి చేరదు.

విశాఖ మన్యంలోని వాకపల్లి కేసుతో ఈ గళ్లను పరీక్షించి చూడొచ్చు. 2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని ఆ ఊరి 11 మంది ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2023 ఏప్రిల్ 6న విశాఖలోని ప్రత్యేక న్యాయస్థానం 13 మంది పోలీసులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగా జరగలేదని చెబుతూ, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. పదహారేళ్ల పాటు సాగిన కేసులో ఏ మలుపు ఏ పత్రికలో, ఏ పేజీలో, ఎన్ని వాక్యాల్లో వచ్చిందో గ్రంథాలయంలో కూర్చుని తీయొచ్చు. 2022లో జిల్లాలు మారాక వాకపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది గనుక, వెతికేవాళ్లు మొదటి పదిహేనేళ్లకు విశాఖ జిల్లా పేజీలను, ఆ తర్వాతి కాలానికి అల్లూరి జిల్లా పేజీలను తిరగేయాలి.