శిశు తరగతిలో ఒక వారం: సరిహద్దు గ్రామాల బాలల తొలి చదువు

మూడేళ్లు నిండిన నాటినుండి ఒకటవ తరగతిలో చేరేవరకు బాలబాలికలను ఆటపాటల ద్వారా చదువుకు సిద్ధం చేసే తరగతిని శిశు తరగతి అంటారు. పట్టణాలలో దీనిని ఎల్‌కేజీ, యూకేజీ అనియు, ప్రభుత్వ వ్యవస్థలో అంగన్‌వాడీ అనియు, ఇటీవల బాలవాటిక అనియు వ్యవహరిస్తున్నారు. పేరు ఏదైనా, ఈ తరగతిలో చదువు పుస్తకాన్ని బట్టి కాక వారాన్ని బట్టి నడుస్తుంది. వారానికి ఒక అంశం ఉంటుంది. అదే కథ, అదే పాట, అవే మాటలు సోమవారం నుండి శనివారం వరకు రోజుకొక రూపంలో మరల మరల వస్తాయి. ఇంటి భాష ఒకటి, బడి భాష వేరొకటి అయిన సరిహద్దు జిల్లాల తెలుగు పిల్లలకు ఈ పునరావృత్తి మరింత అవసరం.

పూర్వరంగం

జర్మనీ దేశీయుడైన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్ అనే ఊరిలో చిన్నపిల్లల కొరకు ఒక సంస్థను నెలకొల్పి, 1840లో దానికి 'కిండర్‌గార్టెన్' అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని దాని అర్థం. మన దేశంలో గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం స్థాపించి, గుజరాతీ పిల్లలకు గుజరాతీలోనే కథలు, ఆటలతో విద్య నేర్పాడు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ తరువాతి కాలంలో మహారాష్ట్ర పల్లెలలో, గిరిజన వాడలలో శిశువిద్యను వ్యాపింపజేసింది.

1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకాన్ని ప్రారంభించింది. దీని క్రింద ఏర్పడిన అంగన్‌వాడీలలో పోషకాహారం, టీకాలతోపాటు మూడు నుండి ఆరేళ్ల పిల్లలకు బడి పూర్వ విద్య కూడా ఒక సేవ. 2019 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం 2,381 అంగన్‌వాడీ కేంద్రాలలో ఎల్‌కేజీ, యూకేజీ తరగతులు ఆరంభించింది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుండి ఎనిమిదేళ్ల వయస్సును 'పునాది దశ'గా గుర్తించింది. ఈ దశకు 2022లో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం బోధన వీలైనంతవరకు పిల్లల ఇంటి భాషలో సాగాలని సూచించింది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం 1956 నుండియే చెబుతున్నది.

వారం నడిచే తీరు

కృష్ణగిరి జిల్లాలోని హోసూరు, డెంకణికోట ప్రాంతాలను ఉదాహరణగా తీసుకొనవచ్చును. ఇక్కడ తెలుగు, కన్నడ, తమిళ భాషలు మూడూ ఒకే వీధిలో వినిపిస్తాయి. ఇటువంటి ఊరి శిశు తరగతిలో 'పాలు' అనే అంశంతో ఒక వారాన్ని ఈ క్రింది విధంగా నడపవచ్చును.

సోమవారం మాటల రోజు. ఆదివారమంతా తల్లి వద్ద గడిపిన పిల్లలలో కొందరు ఆ ఉదయం ఏడుస్తూ వస్తారు. అందుచేత ఆ రోజు కొత్త పని పెట్టరాదు. పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి, చెంబుతో పాలు, గిన్నెతో పెరుగు, గ్లాసుతో మజ్జిగ నడుమ ఉంచి, వాసన చూడమని, రుచి చూడమని చెప్పాలి. మీ ఇంట్లో పాలు ఎవరు పితుకుతారు అని అడిగితే ప్రతి పిల్లకు చెప్పడానికి ఒక సంగతి ఉంటుంది. ఏ భాషలో చెప్పినా వినాలి.

మంగళవారం కథ. ఆవు, దూడ, పాలవాడు ఉన్న చిన్న కథను బొమ్మల అట్టలతో చెప్పాలి. కథ వారమంతా అదే. అందులో ఒకటి రెండు వాక్యాలను ప్రతిసారీ మార్చకుండా చెబితే, పిల్లలు తరువాతి మాటను ముందే అందిస్తారు.

బుధవారం లెక్క. అంకెలు దిద్దించడం లెక్క కాదు. తలకొక గ్లాసు పంచడం, గ్లాసులు తక్కువైనాయా ఎక్కువైనాయా చూడడం, పెద్ద చెంబు నీళ్లు ఎన్ని చిన్న గ్లాసులకు సరిపోతాయో పోసి చూడడం, చింతగింజలను అయిదేసి కుప్పలుగా పెట్టడం ఈ వయస్సుకు తగిన లెక్కలు.

గురువారం చేతిపని. మట్టితో ఆవును చేయడం, కాగితం చించి అతికించడం, ముగ్గుపిండితో గీతలు గీయడం వలన వ్రేళ్లకు పట్టు వస్తుంది. ఆ పట్టు రానిదే పలక మీద అక్షరం నిలువదు. 'పా' అనే ధ్వనిని పాలు, పాప, పాము అనే మాటలలో వినిపించడం కూడా ఈ రోజే.

శుక్రవారం ఆరుబయట. దగ్గరలోని పశువుల కొట్టానికో, పాల కేంద్రానికో పిల్లలను నడిపించి తీసుకొనిపోవాలి. తిరిగి వచ్చిన పిదప దాగుడుమూతలు, చెమ్మచెక్క, ఒప్పులకుప్ప వంటి ఆటలు. మాట రాని పిల్ల సైతం ఆటలో వెనుకబడదు.

శనివారం అప్పగింత. వారమంతా విన్న కథను పిల్లలే తిరిగి చెబుతారు. శనివారం సెలవు ఉన్న బడులలో ఈ పని శుక్రవారం మధ్యాహ్నానికి జరుపుకొనవచ్చును. ఊరిలోని ఒక అవ్వను పిలిచి కథ చెప్పిస్తే ఇంటి భాషకు బడిలో గౌరవం దక్కుతుంది.

మూడు భాషల నడుమ

పాలను తమిళంలో పాల్ అంటారు, కన్నడంలో హాలు అంటారు. పులి తమిళంలోను పులియే, కన్నడంలో హులి. తెలుగు కన్ను తమిళంలో కణ్, కన్నడంలో కణ్ణు. పూర్వపు 'ప'కారం కన్నడంలో 'హ'కారమైన సంగతి పిల్లలకు చెప్పనవసరం లేదు. పాలు, హాలు అని జంటగా పాడిస్తే వారే పట్టుకొంటారు. అయితే అన్ని మాటలూ ఇలా కుదరవు. తెలుగు ఇల్లు తమిళంలో వీడు, కన్నడంలో మనె. ఇటువంటి వాటిని వస్తువును చూపించి, వారమంతా పలికించి నేర్పాలి. ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడిలలోను, మహారాష్ట్రలోని సిరొంచలోను ఈ శ్రమ ఇంకా ఎక్కువ. ఒడియా, మరాఠీలు వేరొక భాషాకుటుంబానికి చెందినవి కనుక ఇంటి మాటకూ బడి మాటకూ పోలిక అరుదుగా దొరుకుతుంది.

అక్షరాల విషయంలో తొందర తగదు. తెలుగు, కన్నడ లిపులు దగ్గరి చుట్టాలు. తమిళ లిపిలో క, గ ధ్వనులకు ఒకే అక్షరం. నాలుగేళ్ల పిల్లకు మూడు లిపులు ఒకేసారి చూపితే ఏదీ స్థిరపడదు. చెవికి మూడు భాషలు, చేతికి ఒక లిపి అనే పద్ధతి ఈ వయస్సుకు మేలు.

మౌనాన్ని అర్థం చేసుకొనడం

బడి భాష తెలియని పిల్ల తొలి వారాలలో, ఒక్కొక్కసారి నెలల తరబడి, పెదవి విప్పదు. ఆ కాలమంతా ఆమె వింటూనే ఉంటుంది. మొదట తోటిపిల్లలతో, తరువాత ఆటలో, చివరకు ఉపాధ్యాయినితో మాట్లాడుతుంది. ఈ క్రమం తెలియనివారు ఆమెను మందమతిగా లెక్కించి వెనుక వరుసలో కూర్చోబెడతారు. ఒకసారి పడిన ఆ ముద్ర ఒకటవ తరగతికి కూడా వెంట వస్తుంది.

అంతకంటె ముందే రాగల కష్టం ఒకటి ఉన్నది. దాహమైనదని, కడుపు నొస్తున్నదని, బయటికి పోవాలని బడి భాషలో చెప్పలేని పిల్ల బిగబట్టుకొని కూర్చుంటుంది. బట్టలు తడిసి, నలుగురు నవ్విన మరునాడు బడికి రానని మొరాయిస్తుంది. చదువంటే అయిష్టమని పెద్దలు అనుకొనేది పెక్కుసార్లు ఇదే. కావున మొదటి వారపు అంశం పండ్లో, రంగులో కాక, ఈ అవసరపు మాటలే కావాలి. తెలుగులో నీళ్లు, నొప్పి. తమిళంలో తణ్ణి, వలి. కన్నడంలో నీరు, నోవు. మాట రాకపోయినా పనికివచ్చేటట్లు ఒక చేతి సైగను కూడా తరగతి అంతటికీ నేర్పాలి. పిల్లల ఇంటి భాషలో ఈ నాలుగు మాటలు ఉపాధ్యాయిని నేర్చుకొనడం అంతే ముఖ్యం.

తల్లిదండ్రుల వంతు

2006లో తమిళనాడు ప్రభుత్వం చేసిన తమిళ అభ్యసన చట్టం ప్రకారం 2006-07 నుండి ఒకటవ తరగతితో మొదలుపెట్టి తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైనది. దీనిని తలచుకొని కొందరు తల్లిదండ్రులు ఇంట్లో తెలుగు మాని, తమకు అంతంతమాత్రంగా వచ్చిన తమిళంలోనో, ఇంగ్లీషులోనో పిల్లలతో మాట్లాడుతున్నారు. దీనివలన పిల్లకు బడి భాష నిండుగా రాదు; ఇంటి భాష సన్నగిల్లుతుంది. పాలు ఎలా తోడుకొంటాయో తెలుగులో చెప్పగల పిల్లకు తమిళంలో నేర్వవలసినది మాట మాత్రమే. విషయం ముందే తెలుసు.

'ఈ రోజు బడిలో ఏం చెప్పారు' అని అడిగితే పిల్లలు సాధారణంగా ఏమీ చెప్పరు. 'ఆవు కథ చెప్పు' అని అడిగితే చెబుతారు. అందుచేత వారపు అంశాన్ని సోమవారమే బడి గుమ్మం వద్ద వ్రాసి పెట్టడం, చదువురాని తల్లులకు నోటితో చెప్పి పంపడం మంచిది.

ఈ తరగతికి పరీక్షలు ఉండరాదు. ప్రతి పిల్లకు పుస్తకంలో ఒక పుట కేటాయించి, ఆ వారం ఎవరితో మాట్లాడింది, ఏ భాషలో, ఎన్ని మాటలు కలిపి చెప్పింది అని శనివారం సాయంత్రం రెండు పంక్తులు వ్రాసుకొంటే చాలు. కథ అప్పగించే వేళ ఆవును తెలుగులోను, ఇంటిని తమిళంలోను, పాలను కన్నడంలోను చెప్పిన పిల్లకు తప్పు వేయరాదు. ఆమెకు కథ వచ్చినట్లే వ్రాసుకొనాలి.