గాజు తొట్టెలో పగడపు దిబ్బ

మన సంఘ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. కోటల గురించి, రాజుల గురించి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను ఉప్పునీటి చేపల తొట్టె చరిత్ర వ్రాస్తున్నాను. కారణం లేకపోలేదు. అమెరికాలో హ్యూస్టన్‌లో ఉన్న మా రెండవ అబ్బాయి ఇంట్లో 180 గ్యాలన్ల తొట్టె ఉంది. మన లెక్కలో సుమారు 680 లీటర్లు. అందులో చేపలతోపాటు బ్రతికి ఉన్న పగడాలు పెరుగుతాయి. వాళ్ళు దాన్ని రీఫ్ ట్యాంక్ అంటారు. దాని ఫొటోలు చూసినప్పటినుంచి విశాఖపట్నంలో ఉన్న మా పెద్దబ్బాయి కొడుకు, "తాతయ్యా, మనింట్లోనూ పెడదాం" అని పట్టుబట్టాడు. ఖర్చు నా పెన్షన్ మీద పడేది గనుక ముందు పూర్వాపరాలు చూద్దామని కూర్చున్నాను. ఏళ్ళ తరబడి ఫైళ్ళు చూసినవాడికి చదవకుండా సంతకం పెట్టే అలవాటు ఉండదు గదా.

సముద్ర జీవులను గాజు తొట్టెలో ఉంచి పరిశీలించినవారిలో మొదట చెప్పుకోవలసినది ఒక స్త్రీని. ఝాన్ విల్‌ప్రే పవర్ అనే ఫ్రెంచి మహిళ 1832లో సిసిలీ ద్వీపంలోని మెస్సీనా రేవులో ఇందుకోసం గాజు తొట్టెలు చేయించింది. తరువాత 1846లో ఆనా థిన్ అనే ఇంగ్లీషావిడ టార్కీ తీరంనుంచి రాతి పగడాలను లండన్‌కు తెచ్చి సుమారు మూడేళ్ళు బ్రతికించింది. నీటికి గాలి తగలాలని ఆమె పనిమనిషి రోజూ కిటికీ దగ్గర నిలబడి అరగంటనుంచి ముప్పావుగంటసేపు ఆ నీటిని ఒక పాత్రలోంచి ఇంకొక పాత్రలోకి తిరగపోసేది. ఇవాళ విద్యుత్ పంపు చేసే పని అప్పుడు ఆ పిల్ల చేతులు చేశాయి. ఆనా థిన్ పేరు చరిత్రకెక్కింది గాని ఆ పిల్ల పేరు నాకు ఎక్కడా కనబడలేదు. మన ఆఫీసుల్లో అటెండరు చాకిరీ రికార్డుకు ఎక్కనట్లే ఇదీను.

1845లో బ్రిటిష్ ప్రభుత్వం గాజు మీద పన్ను ఎత్తివేసింది. దానితో గాజు చవకైంది. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు చేపలు, నీటి మొక్కలు, నత్తలు కలిపి ఉంచితే ఒకదానికొకటి ఆసరా అవుతాయని చూపించాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజలకోసం చేపల భవనం తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ 'ది అక్వేరియం' అనే పుస్తకం ప్రచురించాడు. ఆ పుస్తకం చదివి జనం బుట్టలతో, ఉలులతో సముద్రతీరాలకు ఎగబడ్డారు. రాళ్ళ మధ్య గుంటల్లో ఉన్న జీవులనల్లా ఏరుకుపోయారు. అందాల తీరం బోసిపోవటానికి తన తండ్రి పుస్తకాలే దారితీశాయని గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో అచ్చయిన తన గ్రంథంలో బాధపడ్డాడు. సముద్రాన్ని ప్రేమించినవారే దాన్ని దోచారన్నమాట.

మన ప్రాంతానికీ ఈ కథలో చోటుంది. 1909లో మద్రాసు మెరీనాలో, మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ పూనికతో, సముద్ర చేపల ప్రదర్శనశాల వెలిసింది. అప్పటికి తెలుగు జిల్లాలు చాలావరకు ఆ రాజధాని కిందే ఉండేవి.

అయితే ఇంట్లో పగడాలు పెంచటం చాలాకాలం సాధ్యపడలేదు. తెచ్చినవి తెచ్చినట్లే చచ్చేవి. జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ అనే ఆయన 1961లో ఒక అమెరికా పత్రికలో తన పద్ధతి ప్రకటించాడు. సముద్రపు రాళ్ళను వాటిమీది ప్రాణులతో సహా తొట్టెలో పెట్టి, సన్నగా గాలిబుడగలు వదిలితే చాలన్నాడు. తరువాత బెర్లిన్‌లోని ఔత్సాహికులు దానికి గట్టి వెలుతురునూ, నురుగుతోపాటు మలినాన్ని లాగివేసే స్కిమ్మర్ అనే సాధనాన్నీ జోడించారు. వారిలో డీట్రిష్ స్టూబర్ అనే ఆయన తన తొట్టెలో పెరిగిన పగడపు కొమ్మలను తుంచి తోటివారికి పంచిపెట్టేవాడు. మన ఆడవాళ్ళు గులాబీ అంటు, కనకాంబరం నారు ఇచ్చిపుచ్చుకున్నట్లు అన్నమాట. నాకు ఈ చరిత్ర మొత్తంలో బాగా నచ్చిన ఘట్టం ఇదే. అప్పటిదాకా సముద్రం నుంచి తెచ్చుకోవటమే గాని, ఒకరు పెంచి మరొకరికి ఇవ్వటం ఎరగరు.

మా రెండవవాడు అనుసరించేది ఈ పద్ధతే. తొట్టె, రాళ్ళు, ఇసుక, నీరు కలిపి బరువు టన్నుకు దగ్గరపడుతుంది గనుక ముందు నేల గట్టిదనం చూసుకోవాలి. శుద్ధిచేసిన నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున సముద్రపు లవణాల మిశ్రమం కలపాలి. అంటే 680 లీటర్లకు దాదాపు 24 కిలోలు. ఆ తరువాత నాలుగునుంచి ఆరు వారాలు చేప వేయకుండా ఓపికపట్టాలి. ఈలోగా రాళ్ళలో సూక్ష్మజీవులు వృద్ధిచెంది, విషమైన అమ్మోనియాను నైట్రైటుగానూ, దాన్ని అంతగా హానిలేని నైట్రేటుగానూ మారుస్తాయి. పిమ్మట ముందు నత్తలు, తరువాత ఒకటి రెండు చిన్న చేపలు, ఆపైన మెత్తని పగడాలు, చివరకు రాతి పగడాలు, పెద్ద చేపలు. ఈ వరుస తప్పి అన్నీ ఒకేసారి వేస్తే అన్నీ పోతాయి.

ఇక మా మనవడి కోరిక సంగతి. పగడపు రాళ్ళు తెచ్చి ఇస్తామనే మనుషులు దొరుకుతారని వాడు చెప్పాడు. నేను చట్టం తిరగేశాను. రాతి పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు మొదలైనవాటిని 2001లో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. బ్రతికినదైనా, ఎండినదైనా సముద్రంనుంచి తీయటం, అమ్మటం, కొనటం నేరం. గాస్ కాలంలో ఇంగ్లండు తీరానికి పట్టిన గతి మన తీరానికి పట్టకూడదనే ఈ కట్టడి. రికార్డు ఇంత స్పష్టంగా ఉన్నాక మనవడైనా సరే అనుమతి ఇవ్వలేను.

అలాగని పిల్లవాడి ఉత్సాహం మీద నీళ్ళు చల్లలేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు నారింజ చారల క్లౌన్ చేపలను హేచరీలోనే పిల్లలు పెట్టించే పద్ధతి రూపొందించారు. పగడం లేకపోయినా అవి హాయిగా బ్రతుకుతాయి. అందుచేత 200 లీటర్ల తొట్టె, మట్టితో కాల్చిన బొరియల రాళ్ళు, హేచరీలో పుట్టిన రెండు చేపలు అని ఒప్పందానికి వచ్చాం. ఆరువారాల నిరీక్షణ షరతుకు వాడు ముఖం ముడుచుకున్నాడు గాని సరేనన్నాడు.

మన సభ్యుల ఇళ్ళలోనూ మనవలు ఇలాంటి కోరికలు కోరుతూనే ఉంటారు. కాదనకండి. చేప ఏ సముద్రంలోంచి వచ్చింది, ఏ హేచరీలో పుట్టింది అని కొట్టువాణ్ణి అడిగి తెలుసుకొని మరీ కొనండి. రోజూ నీళ్ళు చూడటం, మేత వేయటం మనకు మంచి కాలక్షేపం, పిల్లలకు మంచి క్రమశిక్షణ.