మరుగుపడిన సంగీత రచయిత్రి

1842వ సంవత్సరమున జర్మను సంగీత రచయిత ఫెలిక్స్ మెండెల్సన్ లండను నగరమునకు బోయి, బకింగ్‌హాం రాజభవనమున విక్టోరియా రాణిని దర్శించెను. రాణి యతని గీతములలో నొకదాని నెన్నుకొని తానే పాడెను. పాట ముగిసిన పిమ్మట అది తన రచన కాదనియు, తన యక్క ఫానీ కూర్చినదనియు నత డొప్పుకొనవలసి వచ్చెను.

ఇట్లేల జరిగెను? ఫానీ 1805లో హాంబర్గున జన్మించినది. అక్కయు తమ్ముడును బెర్లినులో జెల్టరను గురువు నొద్దనే సంగీతశాస్త్ర మభ్యసించిరి. పదుమూడవ యేట ఫానీ, బాఖ్ రచించిన ఇరువదినాలుగు ప్రిల్యూడులను చూడకుండ వాయించి తండ్రికి వినిపించెను. అయినను 1820లో తండ్రి యామెకు వ్రాసిన లేఖలో, సంగీతము ఫెలిక్సునకు వృత్తి కావచ్చును గాని ఆమెకు అలంకారమాత్రమే కావలెనని తెలిపెను. ఆ తండ్రి క్రూరుడు కాడు. ఆమెకు గురువులను గుదిర్చినవా డతడే. ఆనాటి సంపన్నగృహములందు కన్యకు పియానో వచ్చుట గౌరవము. ఆమె పేరు అచ్చున కెక్కుట అమర్యాద. కావుననే 1830 నాటికి తమ్ముని గీతసంపుటములలో ఆమె పాట లారు ఆతని పేరుతోనే వెలువడెను.

1829లో ఫానీ చిత్రకారుడైన విల్హెల్మ్ హెన్సెలును వివాహమాడెను. భర్త యామెను ప్రోత్సహించెను. ఆదివారములందు తమ యింటనే సంగీతసభలు జరుపుచు, 1841లో నెల కొక ఖండముగా పియానోకై ‘సంవత్సరము’ అను కృతిని రచించెను. తుదకు 1846లో, నలువదియేండ్లు దాటిన పిమ్మట, తమ్ముని యనుమతికై వేచియుండక తన పేరుతో గీతములను ప్రకటించెను. మరుసటి యేట మే 14న, తమ్ముని కృతి నొకదానిని సాధన చేయించుచుండగా వ్యాధి సోకి నాడే మరణించెను. నాలుగువందలకు పైబడిన ఆమె రచనలలో అధికభాగము వ్రాతప్రతులుగానే యుండిపోయెను.

1828లో ఆమె రచించిన ‘ఈస్టరు సొనాటా’ చరిత్ర మరింత విచిత్రము. 1970 ప్రాంతమున ఫ్రాన్సులో బయల్పడిన దాని ప్రతిని ఫెలిక్సుదే యని తలచిరి. 2010లో ఆంజెలా మేస్ క్రిస్టియన్ అను పరిశోధకురాలు ఆ ప్రతిని పరీక్షించి, అది ఫానీ రచనయే యని నిరూపించెను. 2017 మార్చి 8న లండనులో అది రచయిత్రి పేరుతో సభలో వినిపింపబడెను. నడుమ గడచినవి 189 సంవత్సరములు.

చదువరులు గమనింపవలసినది యొకటి కలదు. ఫానీకి ప్రతిభ లేక కాదు, శిక్షణ లేక కాదు, ఇంట ప్రేమ లేక కాదు ఈ గతి పట్టినది. కుమార్తెకు విద్య నేర్పించుటతో తలిదండ్రుల ధర్మము తీరలేదు. ఆమె సృజించినదానిపై ఆమె పేరు నిలుచుటకు సమ్మతించుటయు నా ధర్మములోనిదే.