రొట్టె అందుకున్న చేతులే పాడె మోశాయి

క్రీస్తుశకం 260ల తొలి ఏళ్లు. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరం అంతఃకలహాలతో రెండు ముక్కలైంది. తూర్పు దేశాల నుంచి పడమటి దేశాలకు పోవడమైనా సులువే గానీ, ఊరి నడివీధి దాటి అవతలికి పోవడం కష్టమని బిషప్ డయొనీసియస్ వాపోయాడు. ఉన్న ఊళ్లోనే ఉంటూ తన సంఘస్థులకు ఉత్తరాలు రాసుకోవాల్సి వచ్చింది. గొడవలు కాస్త సద్దుమణిగాయో లేదో మహమ్మారి విరుచుకుపడింది. శవం లేవని ఇల్లు లేదు. ధాన్యం పంపిణీ చిట్టాల్లో 14 నుంచి 80 ఏళ్ల వాళ్లందరినీ కలిపినా, ఒకప్పుడు 40-70 ఏళ్ల మధ్య ఉన్నవాళ్ల సంఖ్యకు సరిరాలేదట.

అలాంటి రోజుల్లో ఆయన ఈస్టర్ లేఖ రాశాడు. ఇది పండుగ చేసుకునే వేళా అని లోకం అనుకున్నా తమకు పండుగేనన్నాడు. క్రైస్తవుల మీద హింసలు సాగిన కాలంలో పొలం, ఎడారి, ఓడ, సత్రం, చెరసాల ఏదైనా సరే, ఉన్నచోటే పండుగ మందిరమైందని గుర్తుచేశాడు. ఆ తర్వాత మహమ్మారిలో తనవాళ్లు ఏం చేశారో చెప్పాడు. రోగుల పక్కనే ఉండి సేవ చేశారు. పోయినవారి కళ్లు, నోళ్లు మూసి, ఒళ్లు కడిగి, భుజాల మీద మోసుకెళ్లారు. కొన్నాళ్లకు వాళ్లనూ అలాగే మోయాల్సి వచ్చింది. సంఘ పెద్దలు, పరిచారకులు, మామూలు విశ్వాసులు ఎందరో అలా పోయారు. ఆ చావు హతసాక్షుల మరణానికి ఏమాత్రం తీసిపోదన్నది డయొనీసియస్ తీర్పు. ఇతర మతస్థులు సొంతవాళ్లనే వీధిలో పడేశారనీ రాశాడు. ఆ మాటను ఒక బిషప్ మాటగానే తీసుకోవాలి. ప్రాణభయానికి మతం లేదు. కానీ తనవాళ్లు ఎలా పోయారో, వాళ్లను సాగనంపినవాళ్లకే రాస్తూ కల్పించి చెప్పే వీలు ఆయనకు లేదు.

ఆ తెగువ ఒక్కరోజులో వచ్చింది కాదు. అంతకు వందేళ్ల ముందే, 155 ప్రాంతంలో, రోములో జస్టిన్ అనే తత్వవేత్త చక్రవర్తి ఆంటొనైనస్ పయస్‌కు పంపిన విన్నపంలో క్రైస్తవుల ఆదివారం ఎలా గడుస్తుందో వివరించాడు. క్రీస్తు తిరిగి లేచిన రోజు గనుక ఆ రోజు కూడుకుంటారు. లేఖనాలు చదువుతారు. రొట్టె, నీళ్లు కలిపిన ద్రాక్షారసం తెస్తారు. అధ్యక్షుడు కృతజ్ఞతలు చెల్లించగానే అందరూ ఆమెన్ అంటారు. పంచుకున్నాక, రాలేనివారి ఇళ్లకు పరిచారకులు తీసుకెళ్తారు. కలిగినవారు తోచింది ఇస్తారు. ఆ సొమ్ముతో అనాథలు, విధవరాళ్లు, రోగులు, ఖైదీలు, ఊరికి కొత్తగా వచ్చినవారి బాగోగులు చూస్తారు. ఇప్పుడు ఆరాధన ఒక కార్యక్రమం, సేవ మరో కార్యక్రమం. జస్టిన్‌కు రెండూ ఒకే ఆదివారం పని.

ఆ రొట్టె ఎంత దూరం వెళ్లేదో డయొనీసియస్ మరో ఉత్తరం చెబుతుంది. సెరాపియన్ అనే ముసలాయన హింసకు జడిసి విగ్రహాలకు బలి అర్పించాడు. క్షమించమని ఎంత వేడుకున్నా సంఘంలో ఎవరూ పట్టించుకోలేదు. జబ్బుపడి మూడు రోజులు మాటాపలుకూ లేకుండా పడి ఉన్నాడు. నాలుగో రోజు తేరుకుని, గురువును పిలుచుకురమ్మని మనవణ్ని పంపాడు. రాత్రి వేళ. గురువుకూ ఒంట్లో బాగాలేదు. చావుబతుకుల్లో ఉన్నవారు అడిగితే కాదనవద్దని బిషప్ ముందే చెప్పి ఉన్నాడు. అందుకే చిన్న రొట్టె ముక్క పిల్లాడి చేతికిచ్చి, తడిపి తాత నోట్లో వేయమన్నాడు. వాడు తిరిగి వచ్చి అలాగే చేశాడు. తాత అది మింగి కన్నుమూశాడు. పండితులు ఎన్ని గ్రంథాలు రాసినా, ఆ రొట్టె ఎవరి కోసమో ఆ పిల్లాడి చెయ్యి చెప్పినంత సూటిగా చెప్పలేరని నా నమ్మకం.

అదే కాలంలో, 251లో, రోము బిషప్ కొర్నేలియస్ తమ సంఘం పోషిస్తున్న విధవరాళ్లు, దిక్కులేనివారు 1500 మందికి పైనే అని రాశాడు. అప్పటికి క్రైస్తవానికి ప్రభుత్వ గుర్తింపే లేదు.

ఈ ఈస్టర్‌కు దివ్య సత్ప్రసాదం స్వీకరించేవారైనా, ప్రభురాత్రి భోజనంలో పాలుపొందేవారైనా, ఆరాధన ముగిశాక మీ వీధిలో మంచం పట్టినవారి గడప ఒక్కసారి తొక్కండి. కాసేపు పక్కన కూర్చుని, మందుల ఖర్చుకు ఏదైనా చేతిలో పెట్టి రండి.