గొట్టంలో మెలిక: బరువు కథ, పొడవు లెక్క

రైఫిల్ గొట్టం లోపలి గాడులకు ఎంత మెలిక ఉండాలో తూటా బరువే నిర్ణయిస్తుందని చాలామంది రాస్తూ వచ్చారు. బరువైన తూటాకు బిగువు మెలిక, తేలికదానికి వదులు మెలిక అని. ఈ లెక్క నాకు తప్పనిపిస్తుంది. పైగా మెలికను లెక్కగా మాత్రమే చూడటం మన దేశం విషయంలో ఒక పెద్ద ఘట్టాన్నే మింగేసింది.

తొలి దశలు తెలిసినవే. బ్రిటిష్ సైన్యపు 1853 ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లో 78 అంగుళాలకు ఒక చుట్టు. సన్నని పొడుగు తూటా కోసం ఇంజనీరు విట్‌వర్త్ దాన్ని 20 అంగుళాలకు బిగించాడు. 1879లో వూల్విచ్ గణితవేత్త జార్జ్ గ్రీన్‌హిల్ సూత్రం కట్టాడు: తూటా పొడవు దాని వ్యాసానికి ఎన్ని రెట్లో చూసి, ఆ అంకెతో 150ని భాగిస్తే, ఎన్ని వ్యాసాల దూరంలో ఒక చుట్టు తిరగాలో వస్తుంది. అందులో బరువు ఊసే లేదు. సీసం సాంద్రత మాత్రం ఆ 150లో ఇమిడి ఉంది. నిజానికి ఒకే పొడవు, ఒకే వ్యాసం ఉన్న రెండు తూటాల్లో బరువైనదే తేలిగ్గా నిలబడుతుంది.

ఇందుకు మనకు బాగా తెలిసిన .303 తుపాకే సాక్ష్యం. దాని మొద్దు ముక్కు తూటా బరువు 215 గ్రెయిన్లు. 1910లో వచ్చిన మొనదేలిన ఏడో మార్కు తూటా 174. ఇంత బరువు తగ్గినా మెలిక మాత్రం 10 అంగుళాలకు ఒక చుట్టుగానే, ఎడమవైపుకే ఉండిపోయింది. కొత్త తూటా మొనలో సీసానికి బదులు అల్యూమినియమో, కలప పీచో నింపడంతో బరువు తగ్గిందే తప్ప పొడవు పెద్దగా మారలేదు.

ఇక మింగేసిన ఘట్టం. 1857 సిపాయిల తిరుగుబాటు తర్వాత ఆంగ్లేయులు భారతీయ సిపాయిలకు మెలిక లేని, నున్నటి గొట్టాల మస్కెట్లు ఇచ్చారు. తమ సైనికులకు మాత్రం రైఫిళ్లు ఉంచుకున్నారు. తర్వాత సిపాయిలకు రైఫిళ్లు అందినా, అవి ఒక తరం పాతవి. 20వ శతాబ్దంలో కూడా ఇషాపూర్ కర్మాగారం .303 తుపాకులను .410 నున్నటి గొట్టాలతో, ఒక్కో తూటా పెట్టి పేల్చేవిగా మార్చి పోలీసులకు, జైలు కాపలాకు ఇచ్చింది. దీనికంతటికీ భయమే కారణమనను. అల్లర్లను అదుపు చెయ్యడానికి దగ్గరి దెబ్బ చాలు, దూరం పోయే తూటా అక్కడ ప్రమాదం. అయినా 1857 నాటి నిర్ణయానికి అపనమ్మకమే మూలమని నా అభిప్రాయం. ఎవరి గొట్టంలో గాడులుండాలన్నది అప్పుడు పాలకుడు తేల్చిన సంగతి. సాంకేతిక చరిత్రలు దాన్ని అడుగున ఒక ముక్కగా పడేసి సాగిపోతాయి.

మావోయిస్టులకూ భద్రతా దళాలకూ పోరు సాగిన ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లోని బాసగూడ ప్రాంతంలో ఈ చరిత్ర దశలన్నీ ఒకే అడవిలో కలిశాయి. ముందునుంచి మందు కూరే నున్నటి భర్మారు, ఏకే, ఇన్సాస్ రైఫిళ్లు. ఏకే తూటా 123 గ్రెయిన్లు, దాని మెలిక 240 మిల్లీమీటర్లకు, అంటే సుమారు తొమ్మిదిన్నర అంగుళాలకు ఒక చుట్టు. ఇన్సాస్ తరహా 5.56 తూటా 62 గ్రెయిన్లే. అయినా అదే జాతి తూటా కోసం అమెరికా ఎం16ఏ2 రైఫిల్‌కు 7 అంగుళాల మెలిక పెట్టింది. సన్నని తూటాలో ఉక్కు మొన చేరి పొడవు పెరిగింది, వెలుగు చారతో దారి చూపే ట్రేసర్ తూటా ఇంకా పొడుగు. బరువు సిద్ధాంతం ఇక్కడ తలకిందులవుతుంది. సీసం లేని రాగి తూటాలు, అదే బరువుకు మరింత పొడుగైనవి, వాడుకలోకి వచ్చాక కూడా బరువు పట్టికలనే అచ్చువెయ్యడం నాకు బాధ్యతగా కనిపించదు.

మెలిక వదులైతే తూటా ఒంట్లో దొర్లి ఎక్కువ చీలుస్తుందని, 5.56 తూటా గాయపరుస్తుందే తప్ప చంపదని చెప్పే మాటలు అంతకన్నా చెడ్డవి. గాలికంటే వందల రెట్లు చిక్కనైన శరీరంలో ఏ మెలికా తూటాను నిలబెట్టలేదు. అది దొర్లడం, చిట్లడం ప్రధానంగా దాని నిర్మాణాన్ని, వేగాన్ని బట్టి ఉంటాయి. బాసగూడ పక్కనున్న సర్కెగూడలో 2012 జూన్‌లో భద్రతా దళాల కాల్పులకు 17 మంది గ్రామస్థులు చనిపోయారు. వారు మావోయిస్టులనడానికి సాక్ష్యం లేదని 2019లో బయటికొచ్చిన న్యాయ విచారణ నివేదిక చెప్పింది. అలాంటి నేల గురించి రాసేవాళ్లు 'చంపని తూటా' అన్న మాట వాడకూడదు.